పదికి పది

కొత్త కారు ఎలా ఉందండీ, ఇంటికి చేరాక ఇబ్బందేమైనా వచ్చిందా అని ఫోన్లో ఆ అమ్మాయి అడిగితే పదికి పది అన్నాను. ఆమె అడగడం పూర్తికాకముందే అన్నాను. బండి లోపల శుభ్రంగా ఉందా, పది. మాట ఇచ్చిన రోజుకి మీ చేతికి అందిందా, పది. మూడు రోజులుగా నడుపుతున్నారు కదా, ఎలా నడుస్తోంది, దానికీ పదే. అన్నాక గాని ఆ మూడు రోజులన్న మాట చెవి దాటి బుర్రలోకి దిగలేదు. ఏమన్నావమ్మా అని అడిగేలోగా ఆ పిల్ల శుభాకాంక్షలు చెప్పి పెట్టేసింది. ఫోను ఇంకా చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాను. నేనింకా షోరూములోనే ఉన్నాను, కారు ఎక్కడికీ చేరలేదు. ఇదిగో, ఈ గాజు గోడకి అవతల, మొహం చూసుకోగలిగేంత నున్నటి నేల మీద, చక్రాలకి మట్టి అంటకుండా నిలబడి ఉంది. దానికి కట్టిన ఎర్ర రిబ్బను మా ఆయన చేత ఇప్పుడేగా కత్తిరించారు, నాకిచ్చిన కాఫీ ఇంకా వేడిగానే ఉంది. ఆయన అందులోనే ముందు సీట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా అద్దం కిందికీ పైకీ ఆడిస్తున్నారు. మరి మూడు రోజులుగా నడుపుతున్నదెవరు? నేనెవరి కారుకి పది ఇచ్చాను?

పొరపాటై ఉంటుంది. ఇంత పెద్ద కంపెనీ, రోజుకి ఎంతమందికి ఫోన్లు చేస్తారో, ఒకరి వివరాలు ఇంకొకరివనుకుని చదివి ఉంటుంది పాపం. నేను పనిచేసే బట్టల షాపులో మాత్రం జరగదూ, పొట్టాయన పంట్లాం కత్తిరించమంటే పొడుగాయనది కత్తిరించి, పొడుగాయన వచ్చి తొడుక్కుంటే అది పిక్కల దగ్గరే ఆగిపోయి, ఆయనా నేనూ అద్దంలో ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడలేదూ. పొరపాటే. కానీ పేరు నాదే చదివింది, ఇంటి చిరునామా కూడా మాదే చదివింది, కారు రంగు కూడా సరిగ్గా చెప్పింది. పదికి పది ఎక్కడున్నాడో కనుక్కోవాలి. పదికి పది అంటే మాకు కారు అమ్మినవాడు, మా ఇంట్లో మేం పెట్టుకున్న పేరు. మొదటి రోజు నుంచీ అతని పాట అదే. పిన్నీ, చివర్లో మీకు కంపెనీ నుంచి ఫోనొస్తుంది, ఏమడిగినా పదికి పది అనండి, తొమ్మిది అన్నారంటే నా ఉద్యోగం ఊడినట్టే, తొమ్మిదంటే వాళ్ళ లెక్కలో సున్నాయే పిన్నీ. నేను మేడమ్‌ని కాదు అతనికి, మొదటి రోజే పిన్నినైపోయాను, మా ఆయన బాబాయి అయిపోయారు. ఫోన్లో పాప ఫోటో చూపించాడు, బోసినోటితో నవ్వుతోంది. ఇందాక రిబ్బను కట్ చేయించాక కూడా చెవిలో చెప్పి వెళ్ళాడు, ఫోనొస్తుంది పిన్నీ, పదికి పది, మర్చిపోకండి. నేను మర్చిపోలేదు. పాపం పిల్లల తండ్రి అని, అడిగిన ప్రతిదానికీ పది పది అని పలహారం పంచినట్టు పంచేశాను.

ఈ కారే ఎందుకని అందరూ అడిగారు. దీనికోసం ఊరంతా ఎగబడుతున్న మాట నిజమే, కరెంటుతో నడుస్తుందని కొందరు, లోపల టీవీ అంత తెర ఉందని కొందరు, పక్కింటివాళ్ళు కొన్నారని ఎక్కువమంది. నాకు వాటితో పనిలేదు. నాకు సీటు ఎత్తు కావాలి. మెడలో టేపు వేసుకుని షోరూముల చుట్టూ తిరిగాను, షాపులో ఎలా ఉంటానో అలాగే. లోపలికి వెళ్ళడం, తలుపు తెరవమనడం, నేల నుంచి సీటుకి కొలవడం, తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో కొలవడం, థాంక్స్ చెప్పి బయటికి రావడం. ఒకచోట కుర్రాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు, ఆంటీ కారుకి గౌను కుడతారా అన్నాడొకడు. కుడతాను నాయనా, ముందు నీ నోటికి రెండు కుట్లు వేశాక, అన్నాను. కొన్ని సీట్లు మరీ గోతిలో ఉంటాయి, కూర్చుంటే ఇక లేవడం ఉండదు. కొన్ని నిచ్చెన వేసుకుని ఎక్కేంత ఎత్తు. మా ఆయన మోకాలి ఎత్తుకి సరిపోయిన సీటు, వంగని కాలు లోపలికి పెట్టుకోగలిగినంత తలుపు, ఈ ఒక్క కారుకే ఉన్నాయి. నా కొలత తప్పదు, పక్షవాతం వచ్చాక ఆయన ఒంట్లో ఏది ఎంతవరకు కదులుతుందో వైద్యుడికన్నా నాకే బాగా తెలుసు.

ఆయన క్రేను నడిపేవారు. ఉద్యోగమంతా ఆకాశంలో ఒక గాజు గదిలో కూర్చుని ఇనుప దూలాలు ఎత్తినవారు, కిందనున్నవాళ్ళు చీమల్లా కనిపిస్తారే అని నాకు చెప్పి నవ్వేవారు. అటువంటి మనిషిని ఆస్పత్రి వాకిట్లో టాక్సీలోంచి ఇద్దరు మనుషులు చంకల్లో చేతులు పెట్టి ఎత్తుతుంటే పంట్లాం జారిపోయింది. మోకాళ్ళదాకా. నేను మందుల సంచీ పట్టుకుని వెనకాల ఉన్నాను, నా చేతులు ఖాళీ లేవు, సంచీ పడేసి పరిగెత్తేసరికే అంతా అయిపోయింది. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు కొందరు తల తిప్పుకున్నారు, తిప్పుకోనివాళ్ళూ ఉన్నారు, ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మని ఏదో అడిగింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఊరందరి పంట్లాలకీ నడుములు సరిచేసేదాన్ని, నా మొగుడు సగానికి సగమైపోయాడని చూసుకోలేకపోయాను, నడుము కుదించలేకపోయాను. ఇంటికొచ్చి ఉన్న పంట్లాలన్నిటికీ ఎలాస్టిక్ వేశాను. ఏం లాభం. ఆ మాట మా ఇంట్లో ఆయన అనలేదు, నేను అనలేదు, మా ఇంటికి వచ్చే మరిది కూడా ఎరిగీ ఎరగనట్టే ఊరుకున్నాడు. ఆయన గడప దాటడం మానేశారు. ఇంట్లో కర్ర పట్టుకుని నడుస్తారు, కిటికీ దాకా వెళ్తారు, వీధి చూస్తారు, వెనక్కి వస్తారు. బయటికి వెళ్దామంటే ఒకటే మాట, నన్నెవరూ ఎత్తక్కర్లేదు. రెండేళ్ళు.

అందుకే పదికి పది టెస్ట్ డ్రైవ్ బండిని మా గుమ్మం ముందుకి తెచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. ఆయన కర్రతో మెట్టు దిగారు. తలుపు తెరిస్తే సీటుకి వీపు పెట్టి నిలబడ్డారు, మెల్లిగా కూలబడ్డారు, రెండు చేతులతో ఆ వంగని కాలిని తనే ఎత్తి లోపల పెట్టుకున్నారు. ఎవరూ ముట్టుకోలేదు. నేను ముట్టుకోబోతే కళ్ళతోనే ఆపేశారు. తర్వాత తనంతట తనే దిగారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ దిగారు. మేము చూస్తున్నామని కూడా లేదు, నీళ్ళు దొరికిన బాతులా అయిపోయారు. పదికి పది చప్పట్లు కొట్టాడు, కొడుతూనే కళ్ళు తుడుచుకున్నాడు, నేను చూశాను, అది నటన అనుకోమంటే ఇప్పుడు కూడా నాకు మనసు రావట్లేదు. ఆ పూట మా ఆయన అన్నం తింటూ తలెత్తకుండా, ఇదే తీసుకుందాం అన్నారు. అంతే, బుక్ చేశాం. ఇక అప్పట్నించి కథ. బండి ఓడలో ఉంది పిన్నీ. ఓడ దిగింది పిన్నీ, రంగు దగ్గర ఆలస్యం. మీరు కోరిన రంగు వద్దనుకుంటే ముందొస్తుంది పిన్నీ. సీటు కవర్లూ మ్యాట్లూ మా దగ్గరే కొంటే మీ పేరు పైకి జరుగుతుంది పిన్నీ. బట్ట కుట్టి బతికేదాన్ని నేను, సీటు కవర్లు వీళ్ళ దగ్గర కొన్నాను. పేరు పైకి జరిగిందో లేదో ఎవరు చూశారు, నిచ్చెన మీద పేరు, గాల్లో నిచ్చెన.

మూడు రోజులు. మూడు రోజుల కిందట ఏం జరిగింది? షాపులో ఉన్నాను. ఒకాయన పంట్లాం అంచు మడిచి గుండుసూదులు పెడుతున్నాను, నోట్లో సూదులున్నాయి, ఫోను మోగింది. పిన్నీ, మీ ఫోనుకి ఓటీపీ వచ్చింది చూడండి, కాగితాల పని, చెప్పేస్తే ఇక్కడ ముందుకు తోసేస్తాను. నోట్లో సూదులతోనే చదివాను, పదికి పది నవ్వాడు కూడా, పిన్నీ ఏ భాషలో చెప్తున్నారు, ఒక్కొక్క అంకె చెప్పండి అని. ఒక్కొక్క అంకే చెప్పాను. ఏం కాగితాలు అని అడగలేదు. ఇంట్లో మనిషిని అడుగుతామా? ఇప్పుడు ఆ మెసేజీ కోసం ఫోనులో వెతుకుతున్నాను. దొరికింది. మీ వాహనం మీ చేతికి అందినట్టు ధ్రువీకరించడానికి ఈ అంకెలు చెప్పండి. అందినట్టు. అందకపోతే ఎవరికీ చెప్పకండి అని కూడా కింద ఉంది. నేనే చెప్పాను. ఒక్కొక్క అంకే పలికి మరీ చెప్పాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అత్తగారు అంటుండేది, ఆవిడ పప్పుల గురించి అంటోందనుకునేదాన్ని.

కాదు కాదు, ఉండు, మరి కారు ఎదురుగా ఉందిగా. అందకపోవడమేమిటి, ఆయన అందులో కూర్చుని ఉంటే. కాస్త ముందు రాసుకున్నారంతే, కారు ఇవాళ ఇచ్చారు, అంతేగా తేడా. ముసుగు లాగాం, రిబ్బను కోశాం, అందరూ చప్పట్లు కొట్టారు, నా చేతికి అట్టముక్కతో చేసిన నా అంత తాళంచెవి ఇచ్చారు, పూలగుత్తి ఇచ్చారు, మేనేజరు కోటు సర్దుకుంటూ ఫోటో వేళకి వచ్చి మధ్యలో నిలబడ్డాడు. నవ్వండి సార్ అన్నారు, ఆయన నవ్వారు. నేను ఫోటో వైపు చూడకుండా ఆయన వైపే చూశాను. నంబరు ప్లేటు బిగించాలి, ఓ గంట కూర్చోండి అని నన్నిక్కడికి పంపారు, ఆయన మాత్రం నేను దిగను, ఇక్కడే బావుంది అని అందులోనే ఉండిపోయారు. ఇవాళ పొద్దున ఇక్కడికి రావడానికి టాక్సీ ఎక్కుతుంటే, దిగుతుంటే మళ్ళీ ఎత్తించుకున్నారు, కళ్ళు మూసుకునే ఎత్తించుకున్నారు, ఇదే ఆఖరు కదా అన్నారు నాతో. ఇదే ఆఖరండీ అన్నాను. ప్లేటు తెచ్చేవాడేడీ? ఒక మనిషి వస్తున్నాడు, చేతిలో స్క్రూడ్రైవరు లేదు, పెద్ద బట్ట ఉంది. ఇందాక మేం లాగేసిన ముసుగే. మడత పెడుతున్నాడనుకున్నాను, మడత విప్పుతున్నాడు.

ఆంటీ, ఒకసారి ఆ పూలు ఇస్తారా అని యూనిఫారం అమ్మాయి వంగి అడిగింది. దేనికమ్మా అన్నాను. ఇంకో డెలివరీ ఉంది ఆంటీ అంది. పూలు ఇచ్చాను. ఇచ్చేటప్పుడు వేలికి తగిలితే తెలిసింది, ప్లాస్టిక్ పూలు. చెవిలో పువ్వు పెట్టారంటే విన్నాను గాని, చేతిలో పెట్టి మళ్ళీ పట్టుకుపోవడం ఇవాళే చూస్తున్నాను. ఆ అట్ట తాళంచెవి కూడా ఆంటీ. అదీ ఇచ్చాను. అడిగినవల్లా ఇచ్చేస్తున్నాను, ఇప్పుడు నా చెప్పులు అడిగినా విప్పి ఇచ్చేలా ఉన్నాను. పక్క సోఫాలో ఒక కుటుంబం వచ్చి కూర్చుంది, భార్యాభర్తలు, ఆవిడ తల్లి. కూతురు తల్లికి గాజు గోడలోంచి చూపిస్తోంది, అదిగోనమ్మా అదే మన కారు. ఆవిడ చూపుడువేలు ఎటు పోయిందో నా కళ్ళు అటే పోయాయి. అదే కారు. మా రంగు. మా ఆయన. తల్లి కళ్ళజోడు సవరించుకుని, ఎవరే ఆ ముసలాయన, మన బండిలో కూర్చున్నాడు, అంది. ఎవరో పాపం పొరపాటున ఎక్కినట్టున్నాడు, వీళ్ళు దింపుతారులే అంది కూతురు. ఆమె మంచిగానే అంది. మంచిగా అందిగనకే నా ఒళ్ళంతా మంట పెట్టినట్టయింది. మా ఆయనండీ అది, మా కారండీ అది, అందామనుకుని, అనకుండానే లేచాను.

మేనేజరు గదికి ఎలా వెళ్ళానో తెలియదు, కాళ్ళు వెళ్ళాయి, నేను వెనకాల వెళ్ళాను. చాలా మర్యాదస్థుడు, లేచి నిలబడ్డాడు, కూర్చోండి మేడమ్ అన్నాడు, నీళ్ళు తెప్పించాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆ బండి చూపించడానికి పెట్టుకున్నది మేడమ్, దాన్ని ఎవరికీ ఇవ్వం, ఫోటోలు దానితోనే తీస్తాం, అన్నాడు వాతావరణం గురించి చెప్తున్నట్టు. మరి నా పేరున వచ్చిన బండి? వచ్చింది మేడమ్, కాదనను, అర్జెంటుగా కావలసినవాళ్ళుంటే సర్దాం. పైన ఏదో ఇచ్చినవాళ్ళా అన్నాను. మేనేజరు టేబుల్ మీద పేపర్‌వెయిట్ అటు నుంచి ఇటు జరిపాడు. నెలాఖరులోగా ఇన్ని బళ్ళు జనం చేతికి ఇచ్చామని చూపిస్తేనే కంపెనీ పై నెల మాకు బళ్ళిస్తుంది మేడమ్, మీదీ వస్తుంది, కాస్త ముందూ వెనకా, అంతే. నాకు అర్జెంటు కాదా అన్నాను. మేనేజరు నా వైపు జాలిగా చూశాడు, నిజంగా జాలిగానే, మీరెప్పుడూ గట్టిగా అడగలేదు కదా మేడమ్, మీరు మంచివాళ్ళు, ఓపిక పడతారు అని మీకు బండి అమ్మిన మా కుర్రాడు చెప్పాడు.

ఓపిక పడినందుకా? చిన్నప్పట్నించి ఇదేగా నేర్పింది అందరూ, గట్టిగా అడగకు, మనవంతు వచ్చేదాకా ఆగు, మంచిగా ఉంటే మంచే జరుగుతుందని. కసాయివాణ్ణి నమ్మిన గొర్రెకి కనీసం కత్తి కనబడుతుంది, నాకు కనబడింది టై ఒక్కటే. కంపెనీకే ఫిర్యాదు చేస్తాను అన్నాను. చెయ్యండి మేడమ్, మీ హక్కు అన్నాడు, అని తన ఫోను నా వైపు తిప్పాడు. ఫోటో. ఇందాకటి ఫోటో, అప్పుడే కంపెనీకి వెళ్ళిపోయిందిట. ఇదిగో మీరు, ఇదిగో సార్, ఎంత సంతోషంగా ఉన్నారో చూడండి. ఓటీపీ మీరే చెప్పారు, ఇప్పుడే పదికి పది మీరే ఇచ్చారు, మా చరిత్రలో అన్నిటికీ పదిచ్చినవాళ్ళు తక్కువ మేడమ్. నేను ఫోటోనే చూస్తున్నాను. ఆయన నవ్వు. పక్షవాతం వచ్చాక నోరు ఒక పక్కకి లాగేస్తుందని ఆయన నవ్వడం మానేశారు, ఫోటోకి అసలు కూర్చోరు. ఇందులో వంకర నోటితోనే, పళ్ళు కనబడేలా, నిండుగా నవ్వుతున్నారు. రెండేళ్ళకి వచ్చిన నవ్వు, నేను పక్కన నిలబడి కళ్ళారా చూసుకున్న నవ్వు, దాన్ని తీసుకెళ్ళి ఈ పెద్దమనిషి సాక్షి సంతకంలా పెట్టేసుకున్నాడు. కారు పోతే పోయింది. ఈ నవ్వు నేను వీళ్ళకి ఎలా ఇచ్చేశాను? అది తిరిగి ఇమ్మని అడగడానికి ఏ కౌంటరుకి వెళ్ళాలి?

బయటికి వస్తే కాఫీ మిషను దగ్గర పదికి పది. నన్ను చూసి కప్పు నిండిపోతున్నా బటన్ మీద వేలు తీయలేదు, కాఫీ చెయ్యి మీద పొర్లుతోంది. తెలుసా నీకు అన్నాను. పిన్నీ అన్నాడు. తెలుసా అన్నాను. తెలుసు పిన్నీ, ఓటీపీ అడిగిన రోజు తెలియదు, మర్నాడు బండి బయటికెళ్తుంటే చూశాను, అన్నాడు. మరి ఇవాళ మమ్మల్ని ఎందుకు రమ్మన్నావు, ఆయన్ని టాక్సీలో కట్టెలమోపులా ఎత్తించి మరీ తీసుకొచ్చానే, నీకు చెప్పానే, ఆస్పత్రి సంగతి ఈ లోకంలో నీ ఒక్కడికే చెప్పానే. చెంప మీద ఒకటి ఇద్దామనుకున్నాను, చెయ్యి లేవలేదు, కాలిన అతని చెయ్యి చూసి నీళ్ళ కింద పెట్టుకో అన్నాను. ఏం మనిషినో నేను. అక్కడ గాజు అవతల ముసుగు పట్టుకున్నవాడు మా ఆయనతో ఏదో చెప్తున్నాడు, చేత్తో దిగమని సైగ చేస్తున్నాడు. ఇప్పుడాయనకి ఎవరు చెప్పాలి? కారు లేదని, ఇదే ఆఖరన్నది అబద్ధమని, ఇంటికి వెళ్ళాలంటే మళ్ళీ టాక్సీ, మళ్ళీ చంకల్లో చేతులు అని. ఇవాళ ఇలా ఇంటికి తీసుకెళ్తే ఆయన ఇక ఆ కిటికీ దాకా కూడా రారు, నాకు తెలుసు, నా కొలత తప్పదు.

సోఫాలో ఆవిడ ముందు ఆగాను. మీకు ఓటీపీ వచ్చిందా అమ్మా అన్నాను. ఎప్పుడో వచ్చిందండీ, నాలుగు రోజులైంది, చెప్పేశాం కూడా అంది నవ్వుతూ. ఒకసారి ఆ మెసేజీ చదవండి అన్నాను. చదివింది. నవ్వు అలాగే ఉంది మొహం మీద, దాన్ని తీసెయ్యడం మర్చిపోయింది. ఏవండీ అని మొగుడి మోచెయ్యి పట్టుకుంది. అతను చదివి మేనేజరు గది వైపు లేచాడు. బండి కోసం వచ్చి మిగతా సోఫాల్లో కూర్చున్నవాళ్ళు కూడా ఏమైందేమైందని ఫోన్లు తీశారు, ఒక్కొక్కరే చదువుతున్నారు. నేను గాజు తలుపు తోసుకుని కారు దగ్గరికి నడిచాను. ఏమని చెప్పాలో ఒక్క మాట కూడా కుట్టుకోలేకపోయాను, దగ్గరికి వెళ్ళి అద్దం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆయన నా మొహం చూశారు. మనది కాదా, అన్నారు. కాదండీ. మనది ఎవరికో ఇచ్చేశారా. అవునండీ. రిబ్బనూ? ఫోటో కోసమండీ. ముసుగు పట్టుకున్నవాడు సార్ దిగండి, టైమవుతోంది అన్నాడు.

నేను దిగలేనయ్యా, అన్నారాయన.

నాకు అర్థం కాలేదు. దిగగలరు. ఈ కారులోంచి ఒక్క ఈ కారులోంచే దిగగలరు, అందుకేగా ఇదంతా. మేనేజరు వచ్చాడు, వెనకాలే ఆ సోఫా ఆవిడ మొగుడూ, ఇంకా నలుగురైదుగురూ వచ్చారు. సార్, దయచేసి దిగండి, మిమ్మల్ని వేరే బండిలో ఇంటికి పంపిస్తాను. దిగలేనయ్యా, పక్షవాతం, ఎత్తాలి, అన్నారాయన అంతే నింపాదిగా. మరి ఎలా ఎక్కారు అన్నాడు మేనేజరు, పదికి పది వైపు తిరిగి, ఇతను ఎలా ఎక్కాడు? పదికి పది చేతికి తడి గుడ్డ చుట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూశాడు, కారు వైపు చూశాడు. నేనే ఎత్తి కూర్చోబెట్టాను సార్, ఆయన తనంతట దిగలేడు, అన్నాడు. అయితే దింపండి, ఇద్దరు రండి ఇలా అన్నాడు మేనేజరు, ఇద్దరు వచ్చారు. నేను అడ్డం వెళ్ళబోయాను, వద్దు, ముట్టుకోకండి, ఆయన్ని ముట్టుకోకండి అని అరవబోయాను. అప్పుడు ఆయన గొంతు వినబడింది, క్రేను మీది నుంచి కిందకి వినబడేలా అరిచే పాత గొంతు, పక్షవాతం తర్వాత అది ఉందని కూడా మర్చిపోయాను. రండి, ఎత్తండి. చంకల్లో చేతులు పెట్టండి, అలా పెడితేనే వస్తాను. కాకపోతే ఒక్క మాట, ఎత్తేటప్పుడు నా పంట్లాం జారుతుంది. ఆస్పత్రి దగ్గర ఒకసారి జారింది, మోకాళ్ళదాకా, అందరూ చూశారు. ఇక్కడా అందరూ ఉన్నారు, ఫోన్లు కూడా ఉన్నాయి, మీకేం అభ్యంతరం లేకపోతే నాకూ లేదు. ఎత్తండి మరి.

పొద్దున్నించి విన్నవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. రెండేళ్ళుగా మా గోడలకి కూడా వినబడనివ్వని మాట, ఆయన ఇంతమంది మధ్య పాలవాడితో బేరమాడినట్టు అంటున్నారు, తల దించుకోకుండా అంటున్నారు. ఎలాస్టిక్ ఉందండీ, జారదు, నేను వేశాను అని చెప్పాలనిపించింది, నోరు నొక్కుకున్నాను. వచ్చిన ఇద్దరూ మేనేజరు మొహం చూశారు. మేనేజరు చుట్టూ ఉన్నవాళ్ళ చేతుల్లో ఫోన్లు చూశాడు. సోఫా దగ్గరి పెద్దావిడ, ముసలాయన అన్న ఆవిడే, ఎవరైనా ఆయన మీద చెయ్యి వేస్తే చూస్తాను అంది, ఎవరినీ ఉద్దేశించకుండానే. సార్, ఎంతసేపు కూర్చుంటారు సార్ ఇలా అన్నాడు మేనేజరు, ఈసారి గొంతు తగ్గించి. మా కారు వచ్చేదాకా అన్నారాయన. ఇంట్లోనూ కూర్చోడమే కదా నా పని, ఇక్కడ సీటు బావుంది. అని నా వైపు తిరిగి, నువ్వేమిటలా నిలబడ్డావు, కాళ్ళు లాగట్లేదూ, అటు వచ్చి ఎక్కు, అన్నారు. నేను కారు ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళాను, తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నాను, స్టీరింగు పట్టుకున్నాను. తలుపు వెయ్యి, చల్లగాలి బయటికి పోతోంది, అన్నారాయన. వేశాను.